కేబుల్ వాన్ పోర్టులో కాదు, లాన్ పోర్టులో

సంపాదకులకు,

కడపలో పాత రాతిగోడల ఇళ్లలో ఫైబర్ మోడెం వైఫై మిద్దెపైకి సరిగా అందదు. అందుకే పైన రెండో రౌటర్ పెట్టి, కెమెరాల డీవీఆర్‌ను (దృశ్యాలు రికార్డు చేసే పెట్టెను) దానికే కలుపుతున్నారు. ఇక కింద మోడెం వైఫైలో ఉన్న ఫోన్‌కు డీవీఆర్ దొరకదు. చెడిపోయిందని కొత్తది కొనేవాళ్లూ ఉన్నారు. దయచేసి కొనకండి.

మోడెం కేబుల్‌ను రెండో రౌటర్ వాన్ పోర్టులో (బయటి నుంచి నెట్ తీసుకునే రంధ్రంలో) పెడితే ఆ రౌటర్ తన వెనక వేరే నెట్‌వర్క్ కడుతుంది, మోడెం వైఫైలోని ఫోన్‌ను లోపలికి రానివ్వదు. ముందు ఆ కేబుల్ తీసి, కంప్యూటర్‌ను రౌటర్ లాన్ పోర్టుకు (ఇంట్లోని పరికరాలు కలిపే రంధ్రానికి) కలిపి, బ్రౌజర్‌లో రౌటర్ సెట్టింగుల పేజీ తెరవండి. మోడెం అడ్రస్ 192.168.1.1 అయితే రౌటర్‌కు 192.168.1.2 ఇవ్వండి. మోడెం పంచే అడ్రస్‌లలో ఈ నంబరు ఉండకూడదు. కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అయ్యాకే రౌటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు పంచే పని) ఆపాలి. ముందే ఆపితే రౌటర్ పేజీ తెరుచుకోక తిప్పలు పడాలి. తర్వాత మోడెం కేబుల్‌ను లాన్ పోర్టులోనే గుచ్చి, డీవీఆర్‌ను ఆపి ఆన్ చేయండి. దాంట్లో అడ్రస్ చేత్తో రాసి ఉంటే అదీ మార్చాలి. యాక్సెస్ పాయింట్ మోడ్ (వేరే నెట్‌వర్క్ కట్టకుండా మోడెం నెట్‌వర్క్‌నే పంచే పద్ధతి) ఉన్న రౌటర్‌కు ఇంత పని లేదు, అది ఎంచుకుంటే చాలు.

గెస్ట్ వైఫైలో (అతిథుల కోసం వేరుగా ఉంచే వైఫైలో) ఉన్న ఫోన్‌కు సాధారణంగా అప్పటికీ డీవీఆర్ కనిపించదు. మోడెం, రౌటర్ల మధ్య రెండు కేబుళ్లు వేస్తే లూప్ (డేటా అక్కడే తిరుగుతూ ఉండే వలయం) ఏర్పడి ఇల్లంతా నెట్ ఆగిపోతుంది. మిద్దె మీదుగా వేసేది అవుట్‌డోర్ రకం, పూర్తి రాగి కేబులే కావాలి. మన ఎండకు మామూలు కేబుల్ తొడుగు పగిలి వాన నీళ్లు దిగుతాయి.

— నెట్‌వర్క్ టెక్నీషియన్లు, కడప