మెండోసా నుంచి శాంటియాగోకి బస్సులో

ఒరేయ్ శ్రీనూ,

ఎలా ఉన్నావురా? ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పడం ఇష్టంలేక తీరిగ్గా రాస్తున్నా. అర్జెంటీనాలో టూరిస్టుగా దిగితే నాకిచ్చేది 90 రోజులు. నా వీసా మల్టిపుల్ ఎంట్రీ కాబట్టి, గడువు తీరేలోపు దేశం దాటి మళ్లీ వస్తే లెక్క మొదటికొస్తుంది. ఇక్కడ చాలామంది విదేశీయులు చేసే పనే. చిలీ వీసా ముందే తీసుకున్నాను. విమానంలో గంట ప్రయాణమే, కానీ ఆండీస్‌ పర్వతాల పక్కనే ఉండి రోడ్డున వెళ్లకపోతే ఎలా? పొద్దున్నే మెండోసాలో చిలీ రాజధాని శాంటియాగో బస్సెక్కాను.

ఉస్పయాటా అనే ఊరు దాటాక చెట్టన్నది కనపడదు. ఎర్రటి, ఊదా రంగు కొండలే. నువ్వొస్తే కుడివైపు కిటికీ సీటు తీసుకో. 6,961 మీటర్ల అకొంకాగువా కాసేపే కనిపిస్తుంది. ఆసియా బయట అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. తర్వాత మూడు కిలోమీటర్ల సొరంగం, దాని మధ్యలోనే దేశం మారిపోతుంది. పైన పాత దారిలో ఒక క్రీస్తు విగ్రహం ఉంది. యుద్ధం అంచుదాకా వెళ్లి రాజీపడిన రెండు దేశాలూ 1904లో నిలబెట్టాయి.

చెక్‌పోస్టులో రెండు దేశాల అధికారులూ పక్కపక్కనే కూర్చుంటారు. ఒకరు ఎగ్జిట్ చూస్తే ఇంకొకరు ఎంట్రీ. చిలీవాళ్లకి పళ్లు, గింజలంటే మహా పట్టింపు. పళ్లు బాగా ఎగుమతి చేసే దేశం, పురుగు లోపలికొస్తే తోటలు పోతాయి. నా దగ్గరున్న ధనియాలు, కారం ఫారంలో రాసేశాను. అక్కడి అధికారి ధనియాలు అరచేతిలో పోసుకుని ఒక గింజ చిదిపి వాసన చూసి, ఆ పొట్లం పక్కన పెట్టుకుని కారం తిరిగిచ్చేశాడు. జరిమానా లేదు.

నా ముందు వెనిజులా ఆవిడ, చంకలో పిల్ల. 2019 నుంచి వాళ్లకి చిలీ వీసా తప్పనిసరి. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో వరసగా పెట్టుకుంది. అధికారి ఒక్కొక్కటీ తిప్పుతుంటే ఆవిడ పిల్ల జుట్టు సవరిస్తూనే ఉంది. వాళ్లాయన శాంటియాగోలో పనిచేస్తున్నాడట. నా పని రెండు నిమిషాల్లో అయిపోయింది, ఆవిడది ఎంతకీ తెమల్లేదు. బస్సంతా ఆగింది. ఒక్కరూ విసుక్కోలేదు రా! డ్రైవరే వెళ్లి పిల్లకి నీళ్లు ఇచ్చొచ్చాడు. చివరికి పంపించారు. ఆవిడ బస్సెక్కగానే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చేసింది. ఒకే వరసలో నిలబడ్డా, పాస్‌పోర్టుని బట్టి మనిషికి ఇంత టెన్షన్ ఉండటం అన్యాయం అనిపించింది.

అక్కణ్ణుంచి కిందకి దిగే మెలికల పేరు కారకోలెస్. కొండ అంచున ఒకదాని కింద ఒకటి, లారీలు పాకుతూ ఎక్కుతుంటాయి.

తిరిగొచ్చేటప్పుడు తనిఖీ అర్జెంటీనావైపు, ఓర్కోనెస్‌లో. మళ్లీ 90 రోజులు ఇచ్చారు. రావాలనుకుంటే డిసెంబరు, మార్చి మధ్యలో రా. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ చలికాలం, మంచు పడి దారి రోజుల తరబడి మూసేస్తారు. చిలీ ఇచ్చే చిన్న చీటీ మాత్రం పారేయకు, తిరుగు దారిలో అడుగుతారు.

అమ్మకీ నాన్నకీ నమస్కారాలు చెప్పు. వెంటనే జవాబు రాయి.

నీ
రవి