మా ఊళ్ల జొన్నను మా రేషన్ షాపులోనే ఇవ్వండి: పౌర సరఫరాల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పౌర సరఫరాల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో ప్రభుత్వ బడిలో టీచర్‌గా పనిచేస్తున్నాను. 2025 ఉగాది నాడు మీ ప్రభుత్వం మొదలుపెట్టిన సన్నబియ్యం మా పిల్లల ఇళ్లకు చేరుతోంది. మనిషికి ఆరు కిలోలు, ఒక్క పైసా తీసుకోకుండా. ఒకప్పుడు రేషన్ దొడ్డు బియ్యాన్ని అగ్గువకు అమ్ముకున్న ఇళ్లలో ఇప్పుడు ఆ బియ్యమే వండుకుంటున్నారు. ఇది మంచి పని. ఆ మాట ముందుగా చెప్పి, నేను అడగాలనుకున్నది అడుగుతాను. మా ప్రాంతంలో కావాలన్న వాళ్లకు ఆ ఆరు కిలోల్లో కొంత జొన్న ఇవ్వండి. ఆ జొన్నను ఇక్కడి మహిళా సంఘాల ఆడవాళ్ల దగ్గరే కొనండి.

పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ గురించి మీకు తెలిసే ఉంటుంది. పి.వి. సతీష్ గారు, ఆయన మిత్రులు మొదలుపెట్టిన ఈ సంస్థను ఇన్నేళ్లు నిలబెట్టింది మాత్రం ఊరూరా ఏర్పడ్డ మహిళా సంఘాలు. సభ్యుల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. ఎకరం, రెండెకరాలు, అది కూడా చాలామందికి సర్కారు పంచిన అసైన్డ్ భూమి. రాళ్లూ గరుసూ తేలిన నేల. కాగితం మీద రైతులే, బతుకు మాత్రం కూలి మీద.

అదే 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం కూడా వచ్చింది. అది ఎంతమంది ఆకలి తీర్చిందో మా అమ్మమ్మల తరాన్ని అడిగితే చెబుతారు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ మా వైపు వరి పండే నేల తక్కువ. ఎక్కడో పండిన బియ్యం కారుచౌకగా ఇంటికొస్తుంటే, చెమటోడ్చి జొన్న పండించడం దేనికని చాలామంది చేలు వదిలేశారు. భూములు పడావు పడ్డాయి. జొన్నతో పాటు పశువులకు సొప్ప పోయింది, సొప్పతో పశువులు, పశువులతో ఎరువు పోయాయి.

ఈ చిక్కుముడిని విప్పింది సంఘం ఆడవాళ్లే. 1990ల మధ్యలో పడావు భూములను మళ్లీ సాగులోకి తెచ్చుకోవడానికి ఎకరానికి ఇంత అని అప్పు తీసుకున్నారు. ఆ అప్పును డబ్బుతో కాదు, జొన్నలతో, కొన్నేళ్లపాటు కొంచెం కొంచెంగా తీర్చారు. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వ చేశారు. వానాకాలంలో పని దొరకక, ఇంట్లో గింజ లేక అల్లాడే రోజుల్లో నిరుపేద ఇళ్లకు తక్కువ ధరకు అమ్మారు. ఎవరు నిరుపేదలో తేల్చడానికి ఏ ఆఫీసరూ రాలేదు. నేల మీద ముగ్గుతో ఊరి పటం గీసి, ఇంటింటి సంగతీ అందరి ముందే మాట్లాడుకుని వాళ్లే తేల్చారు. అంటే మంత్రి గారూ, మీ శాఖ చేసే పని మొత్తం, పండించడం నుంచి పంచడం దాకా, చదువు రాని ఆడవాళ్లు తమ ఊళ్లోనే చేసి చూపించారు. మన రాష్ట్రంలో పౌర సరఫరాల మీద ఇంతకంటే మంచి పాఠం మరెక్కడా దొరకదని నా నమ్మకం.

నా విద్యార్థి ఒకరి నానమ్మ ఇంట్లో విత్తనాల గది చూశాను. మట్టీ పేడా కలిపి అలికిన వెదురు బుట్టలు, గోడ వారగా వరసగా పెట్టి ఉన్నాయి. ఒక బుట్ట మూత చుట్టూ మెత్తిన మట్టిని గోటితో గీరి తీసింది. లోపల బూడిద, ఎండిన వేపాకు, వాటి కింద పచ్చజొన్న. పక్క బుట్టల్లో కొర్ర, సామ, కంది, అనుములు, అవిసెలు, కుసుమలు. ఇవన్నీ వేరే వేరే చేలల్లో పండినవి కావు, చాలావరకు ఒకే చేలో కలిపి వేసినవి. ఒక పంట పోతే ఇంకోటి ఆదుకుంటుంది. అమ్ముతావా అని అడిగితే, "విత్తనం పైసలకు అమ్మద్దు బిడ్డా. తీస్కపోయినోళ్లు పంట చేతికొచ్చినంక ఇంత ఎక్కువేసి తెచ్చి పోస్తరు" అంది. విత్తనం కోసం ఆమె ఏ దుకాణం గడపా తొక్కదు.

ఈ పనికే 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి ఈక్వేటర్ ప్రైజ్ అనే అవార్డు ఇచ్చింది. మాచనూర్‌లో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది, నడిపేది దళిత మహిళలు. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర కదులుతుంది. విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. 2023లో సతీష్ గారు కన్నుమూశారు. అదే ఏడాదిని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ఆ సంబరం మా ఊళ్ల ధరల్లో మాత్రం కనిపించలేదు.

అసలు కష్టం అక్కడే ఉంది. తినడానికి పండించుకోవడం వాళ్లకు వచ్చు. మిగిలిన రెండు మూడు క్వింటాళ్లు అమ్ముకోవడమే గండం. అంత కొంచెం పంటను ఆటోలో వేసుకుని దూరంలోని కొనుగోలు కేంద్రానికి పోతే కిరాయికే సగం పోతుంది. తేమ అంటారు, తాలు అంటారు, పాస్‌బుక్ తెమ్మంటారు. పాస్‌బుక్ భర్త పేరున ఉంటుంది, లేదా మామ పేరున. ఆ టెన్షన్ పడలేక గుమ్మం ముందుకు వచ్చిన వ్యాపారికి అడిగిన ధరకే ఇచ్చేస్తారు. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర హైబ్రిడ్ జొన్నకు క్వింటాలుకు 3,699 రూపాయలు. రాగులకు, సజ్జలకూ మద్దతు ధర ఉంది. కొర్రలకు, సామలకు అదీ లేదు. సన్నవడ్లకు మీరు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నారు. చుక్క కాలువ నీళ్లు, చిటికెడు యూరియా అడగని కొర్రకు ఆ మాత్రం విలువ కట్టలేమా?

చట్టం అడ్డు కాదు. 2013 ఆహార భద్రత చట్టంలోనే బియ్యం, గోధుమలతో పాటు జొన్న, రాగి వంటి ముతక ధాన్యాలూ ఉన్నాయి. సరిహద్దు దాటితే కర్ణాటకలో రేషన్‌లో రాగులు, జొన్నలు ఇచ్చారు. ఒడిశా 2017లో మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్ కింద గిరిజన రైతుల రాగులను మద్దతు ధరకు కొని పంచుతోంది.

ఇప్పటి పిల్లలు జొన్న రొట్టె తింటారా అని మీ అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా బడిలో పిల్లలు కొందరు మొహం చిట్లిస్తారు. అందుకే బలవంతంగా ఇవ్వమనడం లేదు. జహీరాబాద్, ఝరాసంగం, న్యాల్‌కల్, రాయికోడ్ మండలాల్లో ఒక్క ఏడాది, కోరుకున్న కార్డులకు మాత్రమే ఇచ్చి చూడండి. హాస్టళ్లలో, అంగన్‌వాడీల్లో వారానికి ఒక పూట పెట్టండి. కొనుగోలు మాత్రం ఊళ్లోనే, సంఘం పేరున జరగాలి. మనిషికో పాస్‌బుక్ అడక్కుండా సంఘమే తూకం వేసి లెక్క రాసే వీలు కల్పించండి. కొర్ర, సామల పొట్టు తీయడం ఆడవాళ్ల రెక్కలు విరిచే పని. నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక చిన్న మిషన్ ఇప్పించండి.

వచ్చే యాసంగి జొన్న కోతకు రాకముందే మీ శాఖ నుంచి ఒక అధికారిని పస్తాపూర్‌కు పంపండి. సంఘం ఆడవాళ్లతో కూర్చుని ఎంత పండుతుంది, ఎంత అమ్మగలరు అని వాళ్లనే అడిగి రాసుకొమ్మని చెప్పండి.

ఇట్లు,
జహీరాబాద్ ప్రాంత ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు