హీట్ పంప్ పేరుతో కరెంటు గీజర్: మీ ఫిట్టింగ్‌పై, వారంటీ నిరాకరణపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,

ప్రతులు: హైదరాబాద్ బ్రాంచ్ మేనేజర్ గారికి, నాకు మెషిన్ అమ్మిన డీలర్ గారికి

విషయం: 200 లీటర్ల స్ప్లిట్ హీట్ పంప్ వాటర్ హీటర్‌లో గ్యాస్ లీకు, ఉచితంగా బాగుచేయడానికి మీ సర్వీసు సెంటర్ నిరాకరణ

అయ్యా,

గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచాల్సిన, మీ దగ్గర కొన్న హీట్ పంప్ కొన్ని నెలలుగా హీట్ పంప్‌లా పనిచేయడం లేదు. ట్యాంకు లోపలున్న 2 కిలోవాట్ల బ్యాకప్ ఎలిమెంట్ (కరెంటుతో వేడెక్కే కడ్డీ) ఒక్కటే నీళ్లు కాచిపెడుతోంది. పది వేల గీజర్ చేసే పనిని లక్ష దాటిన మెషిన్ చేస్తోందన్నమాట. మీ టెక్నీషియన్ వచ్చి చూశాడు, గ్యాస్ లేదన్నాడు, అది వారంటీలోకి రాదన్నాడు, ఎస్టిమేట్ కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఎస్టిమేట్‌ను నేను ఒప్పుకోవడం లేదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడవే అయినా, ఫోన్లో ‘మీ సమస్య అర్థమైంది సర్’ అని చెప్పి కంప్లయింట్ క్లోజ్ చేసే పద్ధతి కంటే ఇదే నయమనిపించింది.

మిమ్మల్నే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్పాలి, గొడవంతా అక్కడే ఉంది కాబట్టి. మా డాబా మీద పీఎం సూర్యఘర్ పథకంలో 78 వేల సబ్సిడీతో పెట్టించుకున్న 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి. మిగిలిన చోటు నీళ్ల ట్యాంకులకే సరిపోయింది, సోలార్ వాటర్ హీటర్‌కు జాగా లేదు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, వేడినీళ్లు రెండు పూటలా కావాలి. హీట్ పంప్ అయితే పగలు మా ప్యానెళ్ల కరెంటుతోనే, గాలి వెచ్చగా ఉన్న వేళ నీళ్లు కాచి ట్యాంకులో ఉంచుకోవచ్చు. అందుకే టైమర్‌ను ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకు పెట్టుకున్నాం.

లెక్క కూడా వేసుకున్నాను. 200 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 7 యూనిట్ల వేడి కావాలి. గీజర్ ఆ ఏడు యూనిట్లనూ మీటర్లోంచే లాగుతుంది. హీట్ పంప్ బయటి గాలిలో ఉన్న వేడిని గ్యాస్ ద్వారా తెచ్చి నీళ్లకిస్తుంది. సీఓపీ, అంటే ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల వేడి వస్తుందన్న అంకె, 3.5 ఉంటే 2 యూనిట్ల కరెంటుతో పని అయిపోతుంది. ఆ మిగిలే 5 యూనిట్ల కోసమే నేను మీకు అంత డబ్బు కట్టాను.

మూడు కంపెనీలు చూశాను. ఒకటి దిగుమతి సరుకు, బాగానే ఉంది కానీ స్పేర్ పార్టు కావాలంటే పుణె నుంచి రావాలన్నారు. రెండో కంపెనీ సీఓపీ 3.6 అని వేసి, గాలి ఎన్ని డిగ్రీలున్నప్పుడు, నీళ్లు ఎంత నుంచి ఎంతకు కాగినప్పుడు ఆ అంకె వస్తుందో కిందే రాసింది. మీ కరపత్రంలో 4.5 అని పెద్దక్షరాలతో ఉంది, కింద ఏమీ లేదు. సీఓపీ అన్ని వేళలా ఒకేలా ఉండదు. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం ఒకటి వస్తే డిసెంబరు తెల్లవారుజామున ఇంకొకటి వస్తుంది. నీళ్లు 45 డిగ్రీలు దాటి 55 వైపు పోతున్నకొద్దీ కంప్రెసర్ మీద భారం పెరిగి అంకె పడిపోతుంది. ‘ఈ 4.5 ఏ ఉష్ణోగ్రత దగ్గరిది?’ అని మీకు మెయిల్ పెట్టాను. ‘మా ఉత్పత్తి భారతీయ వాతావరణానికి అనుకూలం’ అని జవాబు వచ్చింది. అడిగిందొకటి, చెప్పిందొకటి.

అయినా మిమ్మల్నే ఎంచుకున్నాను. ఆ 4.5 చూసి కాదు. ‘హైదరాబాద్‌లో మా సొంత సర్వీసు సెంటర్ ఉంది, బయటివాళ్ల చేత కాదు, మా మనుషులే వచ్చి బిగిస్తారు, ఫిట్టింగ్ బాధ్యత మాదే’ అని డీలర్ షాపులో మీ సేల్స్ ఆఫీసర్ చెప్పారు, కొటేషన్ మీద రాసి కూడా ఇచ్చారు. నకలు జతచేశాను. ఇందులోనూ కంప్రెసరూ గ్యాసూ రాగి పైపులే కదా, ఏసీకి లాగే ఫ్యాక్టరీ ఎంత బాగా తయారుచేసినా బిగించేవాడి చేతిలో సగం ఉంటుంది. నేను కొన్నది మీ బిగింపునీ మీ సర్వీసునీ. ఆ రెండే ఇప్పుడు పాడయ్యాయి.

బిగించడానికి వచ్చిన మీ మనిషి వ్యాక్యూమ్ పంపు తేలేదు. పైపుల్లో ఉన్న గాలినీ తేమనూ పంపుతో లాగేసి, ఆ తర్వాతే గ్యాస్ వదలాలని మీ ఇన్‌స్టలేషన్ మాన్యువల్లోనే ఉంది. ‘పంపు ఏదమ్మా?’ అంటే ‘చిన్న లైనే కదా సార్’ అని, వాల్వు కొంచెం వదులు చేసి గ్యాసుతోనే గాలిని బయటికి తరిమాడు. నైట్రోజన్ ఎక్కించి ప్రెజర్ నిలుస్తుందో లేదో చూసే పరీక్ష మాటే లేదు. రాగి పైపులను కలిపే రెండు ఫ్లేర్ నట్లు స్పానర్‌తో బిగించి, ఇన్సులేషన్ చుట్టి, ఫొటో తీసుకొని, నా చేత ఫీడ్‌బ్యాక్ ఓటీపీ చెప్పించుకొని వెళ్లాడు. ఓటీపీ విషయంలో మాత్రం చాలా శ్రద్ధగా ఉన్నాడు.

మొదట్లో అంతా బాగుంది. తర్వాత ఎప్పుడు చెడిందో మాకు తెలియలేదు, ఎందుకంటే నీళ్లు కాగుతూనే ఉన్నాయి. గ్యాస్ తగ్గగానే కంప్రెసర్ ఆగిపోయింది, మీ మెషిన్ చప్పుడు చేయకుండా ఎలిమెంట్ మీదికి మారిపోయింది. డిస్‌ప్లేలో ఎర్రర్ కోడ్ లేదు, బీప్ లేదు. 55 అని అంకె మాత్రం రోజూ ఠంచనుగా చూపించింది. బిల్లులో పట్టుకుందామంటే అదీ కుదరలేదు. పగలు నడిచే మెషిన్ కాబట్టి అది తిన్న కరెంటు మా ప్యానెళ్లదే. దాంతో బిల్లు ఒక్కసారిగా ఎగిరిపడలేదు, నెట్ మీటర్ బిల్లులో ఎక్స్‌పోర్ట్ యూనిట్లు (మేం వాడగా మిగిలి గ్రిడ్‌కు పోయే కరెంటు) మాత్రం పడిపోయాయి. వానాకాలం మబ్బుల వల్లనేమో అనుకున్నాం. ఎవరైనా అదే అనుకుంటారు.

విషయం బయటపడింది కరివేపాకు కుండీ వల్ల. హీట్ పంప్ నడుస్తుంటే గాలిలోని తేమ అవుట్‌డోర్ యూనిట్ కాయిల్ మీద నీరై డ్రెయిన్ పైపులోంచి కారుతుంది. ఆ నీళ్లు వృథా పోకూడదని మా ఆవిడ పైపు కింద కరివేపాకు కుండీ పెట్టింది. వానాకాలంలో గాలి అంత తడిగా ఉంటే పైపు ఇంకా ఎక్కువ కారాలి కదా. కుండీలో మట్టి ఎండిపోయి బీటలు వారింది. ‘ఈ పైపులోంచి చుక్క రావడం లేదు, మెషిన్ అసలు నడుస్తోందా?’ అని అడిగింది. ‘నీళ్లు బాగానే కాగుతున్నాయి కదరా, ఇంకేంటి గోల?’ అని మా అమ్మ. ఇద్దరి మాటా నిజమే.

మా కాలనీలో ఏసీలు చూసే మెకానిక్‌ను పిలిచాను. ఆయన స్క్రూ ఒక్కటి కూడా విప్పలేదు, ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. వైరు చుట్టూ క్లాంప్ మీటర్ పెడితే 8.7 ఆంపియర్లు చూపించింది. అవుట్‌డోర్ యూనిట్ మీద మీరు అతికించిన రేటింగ్ ప్లేట్ ప్రకారం కంప్రెసర్, ఫ్యాన్ కలిపి 4 ఆంపియర్లు కూడా దాటకూడదు. 2 కిలోవాట్ల ఎలిమెంట్‌కు 230 వోల్టుల దగ్గర సరిగ్గా ఆ 8.7 వస్తుంది. ఫ్యాన్ కాసేపు తిరిగి ఆగిపోయింది, కంప్రెసర్ చప్పుడే లేదు. తర్వాత ఆయన నన్ను వంగి చూడమన్నాడు. కింది ఫ్లేర్ నట్ దగ్గర, ఇన్సులేషన్ అంచున, నూనె తడి. దాని మీద దుమ్ము పేరుకొని నల్లగా జిడ్డు కట్టింది. గ్యాసుతో పాటు పైపుల్లో తిరిగే కంప్రెసర్ ఆయిల్ అది. గ్యాస్ పోయిన చోటే అదీ బయటికి వస్తుందని చెప్పాడు. ఫొటోలు, క్లాంప్ మీటర్ వీడియో పంపుతున్నాను.

ఇక మీ టెక్నీషియన్ చెప్పిన కారణాలు. గ్యాస్ ‘కన్స్యూమబుల్’ కాబట్టి వారంటీ వర్తించదన్నాడు. గ్యాస్ వాడుతుంటే అయిపోవడానికి ఇది వంట సిలిండర్ కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ ద్రవమై, ఆవిరై, మళ్లీ ద్రవమై తిరుగుతూనే ఉంటుంది. పదేళ్లయినా తరగకూడదు. తరిగిందంటే ఎక్కడో లీకైంది. లీకైంది మీ మనిషి బిగించిన నట్ దగ్గర. మీ వారంటీ కార్డులో కన్స్యూమబుల్ అని రాసిన జాబితాలో ఆనోడ్ రాడ్ (ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల పెట్టే కడ్డీ) ఉంది, గ్యాస్కెట్ ఉంది, గ్యాస్ లేదు. భూతద్దం పెట్టి చదివాను. కాదంటే ఏ పేజీలో ఏ లైనులో ఉందో చూపించండి. పైగా లీకు సరిచేయకుండా గ్యాస్ నింపి డబ్బు తీసుకుంటానంటున్నాడు. ఎస్టిమేట్లో గ్యాస్ చార్జింగ్ ఉంది, లీకు రిపేరు లేదు. వచ్చే వానాకాలానికి మళ్లీ ఇదే కథ.

రెండో కారణం నీళ్లు. జేబులోంచి నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ పెన్ తీసి వాష్‌బేసిన్ నల్లా కింద పెట్టి ‘చూడండి సార్, హార్డ్ వాటర్, వారంటీ పోయింది’ అన్నాడు. ఆ నల్లా బోరుది. హీటర్‌కు వెళ్లేది జలమండలి నీళ్ల ట్యాంకు నుంచి వేరే లైను, పైపు కళ్లముందే ఉంది. సరే, బోరు నీళ్లే వెళ్తున్నాయనుకుందాం. ఉప్పునీళ్లు పాడుచేస్తే ట్యాంకు లోపలి పూతను, ఎలిమెంట్‌ను, ఆనోడ్‌ను పాడుచేయాలి. మీ మోడల్‌లో కండెన్సర్ గొట్టం (గ్యాస్ తన వేడిని నీళ్లకిచ్చే గొట్టం) ట్యాంకు బయట చుట్టి ఉంటుందని, అది నీటిని తాకదని మీరే కరపత్రంలో గొప్పగా బొమ్మ వేసి చూపించారు. నీళ్లు తాకని గ్యాస్ లైనులో, ఇంటి బయట గోడ మీదున్న నట్ దగ్గర లీకుకు మా నీళ్లు ఎలా కారణమవుతాయి? పాడవని భాగాలేవైనా ఉన్నాయంటే అవి నీళ్లు తగిలేవే!

మూడోది, బయటి మెకానిక్ ముట్టుకున్నాడు కాబట్టి ‘టాంపరింగ్’ అట. ఆయన మీటరు పెట్టి చూశాడు, అంతే. మీ సీలు మీ టెక్నీషియన్ వచ్చేదాకా చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని విప్పింది మీ టెక్నీషియనే, అది కూడా వీడియోలో ఉంది.

ఇంకో విషయం. నన్ను అడగకుండానే డీలర్ నా ఫోన్ నంబరును కొత్తగా కొనేవాళ్లకు ఇస్తున్నాడు. ‘మీ ఇంట్లో ఎలా పనిచేస్తోంది సార్, ఏ బ్రాండ్ తీసుకోమంటారు?’ అని ఫోన్లు వస్తున్నాయి. వాళ్లకు నేనేం చెబుతున్నానో మీకూ తెలియడం న్యాయం. మీ కంపెనీని తిట్టడం లేదు. సీఓపీ అంకె పక్కన ఉష్ణోగ్రతలు రాసి ఉన్నాయో లేదో చూడమంటున్నాను. ఫిట్టింగ్‌కు వచ్చేవాడు వ్యాక్యూమ్ పంపు తెస్తాడా, నైట్రోజన్ టెస్ట్ చేస్తాడా అని డబ్బు కట్టకముందే అడగమంటున్నాను. కంప్రెసర్ ఆగిపోతే మెషిన్ చెబుతుందా, లేక మౌనంగా ఎలిమెంట్ వేసుకుంటుందా అన్నది షోరూమ్‌లోనే తేల్చుకోమంటున్నాను. గ్యాస్ వారంటీలో ఉందని కాగితం మీద రాయించుకోమంటున్నాను. ఈ ప్రశ్నలకు మీ డీలర్ తడబడుతున్నాడంటే తప్పు నాది కాదు. ఇకనుంచి నా నంబరు ఎవరికీ ఇవ్వవద్దని కూడా ఇందుమూలంగా కోరుతున్నాను.

నాకు కావలసింది ఇది. లీకైన జాయింటును కోసి కొత్తగా ఫ్లేర్ చేసి, నైట్రోజన్‌తో ప్రెజర్ పరీక్ష నా ముందు జరిపి, వ్యాక్యూమ్ చేసి, రేటింగ్ ప్లేట్ మీదున్న బరువు ప్రకారం తూకం వేసి గ్యాస్ నింపాలి. ఇదంతా మీ ఖర్చుతోనే. గ్యాస్ తక్కువగా ఉండగా మళ్లీ మళ్లీ ఆగి స్టార్టయిన కంప్రెసర్ దెబ్బతిని ఉంటే దాన్ని మార్చాలి, కొత్తదానికి వారంటీ మార్చిన తేదీ నుంచి లెక్కించాలి. నెట్ మీటర్ బిల్లులు జతచేశాను. ఎక్స్‌పోర్ట్‌లో వచ్చిన తేడా మొత్తం ఎలిమెంట్ ఖాతాలో వేయడం లేదు, మబ్బుల వాటా మబ్బులకు పోనివ్వండి. రోజుకు 5 యూనిట్ల చొప్పున లెక్కకట్టి పరిహారం ఇవ్వండి, చాలు. ఎలిమెంట్ ఆన్ అయినప్పుడు తెలిసేలా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇవ్వగలరేమో కూడా చూడండి. అది నాకే కాదు, ఈ మోడల్ కొన్న అందరికీ కావాలి. నాలాగే గీజర్ నడుపుకుంటూ హీట్ పంప్ నడుస్తోందనుకుంటున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో మీ దగ్గరే లెక్క ఉండదు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. కొన్నవాడు ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చని ఆ చట్టం చెబుతోంది, 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు కూడా లేదు. సేవా లోపంతో పాటు షరతులు చెప్పని ఆ 4.5 ప్రకటనను కూడా కమిషన్ ముందు పెడతాను. బెదిరింపు కాదు, ముందే చెబుతున్నాను.

ఇన్వాయిస్, కొటేషన్, వారంటీ కార్డు, ఎస్టిమేట్, కరెంటు బిల్లుల నకళ్లు, ఫొటోలు, వీడియోల పెన్‌డ్రైవ్ దీనితో పంపుతున్నాను. చిరునామా, ఫోన్ నంబరు ఇన్వాయిస్ మీద ఉన్నాయి. టెక్నీషియన్‌ను ఎండ ఎక్కకముందే పంపండి, అవుట్‌డోర్ యూనిట్ పడమటి గోడకు ఉంది, ఎండ పడితే ఆ గోడ రాత్రిదాకా చల్లారదు. ఈసారి వచ్చే మనిషి వ్యాక్యూమ్ పంపు, నైట్రోజన్ సిలిండర్, తూకం మెషిన్ తెస్తేనే గేటు తీస్తాం.

భవదీయుడు,
మీ వినియోగదారుడు,
హైదరాబాద్