బాబాయికి ముందు నువ్వే ఫోన్ చేయి

మంగళగిరి,
ఆదివారం.

చి. నానికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. ఎదురింటి అబ్బాయి హైదరాబాద్ వస్తుంటే గోంగూర పచ్చడి, కందిపొడి పంపిస్తున్నాను. వాటితోపాటే ఈ ఉత్తరం. ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నా నాన్నా, సాయంత్రం చేస్తా" అన్నావు. అలా అని 23 రోజులైంది. పని ఒత్తిడి నాకు తెలియంది కాదు. వేళకు తింటున్నావో లేదో అదొక్కటే చెప్పు.

మొన్న పెద్దత్త మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు వెళ్లాం. భోజనాల దగ్గర అత్త అల్లుడు నా పక్కనే కూర్చున్నాడు. "మామయ్యా, మన నాని మంచి ఊపు మీదున్నాడు, గుంటూరు బాబాయి చేత కూడా ఫ్లాట్ కొనిపించాడంట" అన్నాడు. నాకేమీ తెలియదని బయటపడటం ఇష్టం లేక తలూపాను. పెరుగన్నం తినకుండానే లేచాను. ఆ సంగతి తర్వాత రాస్తాను.

ఊళ్లో మళ్లీ సైట్ల బేరాలు ఊపందుకున్నాయి. గాలిగోపురం దగ్గర టీ కొట్టులో ఇప్పుడు అందరూ గజాల లెక్కే మాట్లాడుతున్నారు. సెంటు అన్న మాటే వినపడటం లేదు. రాజధాని ప్రకటించిన కొత్తలోనూ ఇలాగే ఉండేది. అప్పుడు నిడమర్రు రైతులు కాగితాలు పట్టుకుని మన ఇంటికే వచ్చేవాళ్లు. రాజధానికి జరీబు, అంటే నది పక్కన నీటి వసతి ఉన్న సారవంతమైన నేల, ఎకరం ఇస్తే 1,000 గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, ఏటా కౌలు ఎంత, ఎన్నేళ్లు అని ఒక్కొక్కరికీ చదివి చెప్పేవాణ్ణి. అందులో నాకు కమీషన్ లేదు. ఆ చదివి చెప్పినందుకే, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చి బేరాలన్నీ ఆగిపోయినా, నా ఇంటి మీదికి ఒక్కరూ గొడవకు రాలేదు. నా దగ్గరున్న అడ్వాన్సులు తిరిగిచ్చేశాను. ఆ ఏడాది మీ చెల్లి ఫీజు ఎలా కట్టామో నీకు తెలుసు.

నీకు తెలియంది ఒకటుంది. నడింట్లో ఫ్రిజ్ పక్కన నాపరాయి కొంచెం దిగి ఉంటుంది కదా, చిన్నప్పుడు నీ గోలీలన్నీ దొర్లుకుంటూ అక్కడికే పోయేవి. అది తాతయ్య గుంట మగ్గం ఉన్న చోటు. మగ్గాలకు పని తగ్గి అమ్మేశామని నీకు చెప్పాను. అసలు సంగతి అది కాదు.

1997లో అనుకుంటా, సైట్ల బేరాలు కుదిర్చే ఈ పనిలో నేను ఇంకా కొత్త. తెనాలి రోడ్డులో 9 సెంట్ల సైటు. అమ్మేది ఇద్దరు అన్నదమ్ములు. తల్లీతండ్రీ పోయారు, వీలునామా లేదు. కొనేది మన వీధి చివర నూలు కండెలు చుట్టే అవ్వ కొడుకు. పుస్తెలు తప్ప ఇంట్లో బంగారమంతా అమ్మి కొన్నాడు. సైటు మీద జరిగిన పాత అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ కాగితం తీయించాను. తండ్రి కొన్న దస్తావేజు చూశాను. ఎక్కడా తాకట్టు లేదు. "కళ్లు మూసుకుని కొనుక్కోరా" అన్నాను. సాక్షి సంతకం కూడా నేనే పెట్టాను. సెంటు 15,000 చొప్పున మొత్తం 1,35,000. రెండు వైపులా కలిపి నాకు 5,400 వచ్చింది. ఆ డబ్బుతో మీ అమ్మకు చీర, నీకు మూడు చక్రాల సైకిలు కొందామనుకున్నాను.

నెల తిరక్కుండా కొన్నవాడికి లాయరు నోటీసు వచ్చింది. ఆ అన్నదమ్ములకు రేపల్లెలో ఒక చెల్లెలుంది. "పెళ్లిలో కట్నం ఇచ్చేశాం, దానికేం హక్కు" అని వాళ్లు నాకు చెప్పనేలేదు. నేను అడగలేదు. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా 1956 చట్టంలోనే ఉంది. ఈసీలో లావాదేవీలు కనపడతాయి గానీ, నాన్నా, ఆ ఇంటి ఆడపిల్ల కనపడదు. వీధిలోకి వెళ్లి నలుగురిని అడిగితేనే తెలుస్తుంది. ఆ అడగటానికే మనకు కమీషన్ ఇచ్చేది.

అవ్వ వచ్చి మన గుమ్మం ముందు కూర్చుంది. ఒక్క మాట తిట్టలేదు. చేతిలో కండె పట్టుకుని అలాగే కూర్చుంది. తెనాలిలో రైలెక్కి రేపల్లె వెళ్లాను. మొదటిసారి ఆ చెల్లెలు తలుపు తీయలేదు. రెండోసారి వాళ్లాయన బయటే నిలబెట్టి పంపించేశాడు. మూడోసారి మీ అమ్మను తీసుకెళ్లాను, చంకలో నువ్వున్నావు. నీకు పాలు కాచి ఇచ్చింది. ఆవిడ వాటా 3 సెంట్లు, అంటే 45,000. అన్నలు పైసా కూడా ఇచ్చేది లేదన్నారు. చివరికి 20,000కు ఒప్పుకుంది. నా కమీషన్ 5,400, మగ్గం అమ్మితే 6,000, మిగతాది మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టి తెచ్చాను. ఆవిడ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి సంతకం చేసింది. మగ్గం తీసుకెళ్లిన రోజు తాతయ్య ఆ గుంట పూడ్చనివ్వలేదు. మూడు రోజులు దాని అంచునే కూర్చున్నాడు. తర్వాత తనే మట్టి పోశాడు. అవ్వ మనవళ్లు ఇప్పటికీ సైటు చూడాలన్నా, సంబంధం కుదుర్చుకోవాలన్నా ముందు మన ఇంటికే వస్తారు.

ఇప్పుడు బాబాయి సంగతి. ఆయన రిటైరై ఏడాది కాలేదు. ఆ డబ్బు తప్ప ఆయనకు ఇంకేం లేదు. ప్రీ లాంచ్ అని, మొత్తం ముందే కడితే సగం ధరకే ఫ్లాటని, అవుటర్ రింగ్ రోడ్డు అవతల టవర్లు వస్తాయని చెప్పి కట్టించావంట కదా. ఆ ప్రాజెక్టుకు రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? నంబరు రాకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగూ చేయకూడదు. అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. కొన్నవాళ్లిచ్చిన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి. ఇది 2016 చట్టం, నేను కల్పించింది కాదు. ఏజెంటుకు కూడా సొంతంగా రిజిస్ట్రేషన్ ఉండాలి, లేకపోతే రోజుకు 10,000 జరిమానా. ఈ వయసులో నేనే తీసుకుని లామినేషన్ చేయించి గోడకు తగిలించాను. నువ్వు తీసుకున్నావా? మీ కంపెనీ వాడు "అన్నీ మేం చూసుకుంటాం" అన్నాడని ఊరుకోకు. రేపు ఏదన్నా అయితే బాబాయి వాడి ఆఫీసుకు వెళ్లడు, నీ మొహం చూస్తాడు. మన పానకాల స్వామి కూడా పోసిన పానకంలో సగమే పుచ్చుకుని సగం వదిలేస్తాడు. మనిషి దగ్గరున్నదంతా ముందే తీసుకోమని ఎవరు నేర్పారు నీకు?

కోప్పడకూడదనే కలం పట్టుకున్నాను. మీ అమ్మ పక్కనే ఉండి "అలా రాయకండి, పిల్లాడు బాధపడతాడు" అంటోంది. నిన్ను మోసగాడని అనుకోవడం లేదు. నేనూ ఈసీ నమ్మే సాక్షి సంతకం పెట్టాను కదా. తెలియక చేసి ఉంటే ఇప్పుడే తేల్చుకుందాం. రసీదులు, అగ్రిమెంటు ఫోటోలు తీసి నాకు పంపు. బాబాయికి ముందు నువ్వే ఫోన్ చేయి, వేరేవాళ్ల నోటి నుంచి విననివ్వకు. డబ్బు వెనక్కి రాకపోతే ఏం చేయాలో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం. పెదవడ్లపూడి వైపున్న మన రెండు సెంట్ల కాగితాలు బీరువాలోంచి తీసి పెట్టాను.

రాత్రిపూట బండి మీద సైట్లకు తిరగొద్దు. హెల్మెట్ బకిల్ విరిగిందన్నావు, మార్చావా? పచ్చడిలో నూనె పైకి తేలాలి, తడి గరిటె పెట్టకు. సీసా మూతకు కవరు కట్టాను, విప్పేటప్పుడు నిలబెట్టి విప్పు. శనివారం వస్తే రాత్రి ఎంత ఆలస్యమైనా స్టేషన్‌కు వస్తాను. ఏ బండికి వస్తున్నావో మెసేజ్ పెట్టు.

నాన్న