బయానా ఇచ్చేముందే కాగితాలు చూడాలి

సంపాదకులు గారికి,

నమస్కారములు. 2025 మే నెలలో అమరావతి పనులు తిరిగి మొదలైనప్పటి నుంచి గుంటూరు, విజయవాడల మధ్య స్థలాల గురించిన మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తోంది. ఎక్కడ కొంటే ధర పెరుగుతుందన్న వ్యాసాలు మీ ఆదివారం స్థిరాస్తి పేజీల్లోనూ తరచుగా వస్తున్నాయి. ఉండటానికి ఇల్లు అమరిన తరువాత, మిగిలిన సొమ్మును మొదటిసారిగా స్థలం మీదనో ఫ్లాటు మీదనో పెట్టాలనుకునే ఉద్యోగులకు ధర కంటే ముందు తెలియవలసిన సంగతులు కొన్ని ఉన్నాయని, గుంటూరులో దస్తావేజు లేఖరిగా పనిచేస్తున్న నేను మీ దృష్టికి తీసుకురాదలచాను.

మా దగ్గరకు జనం సాధారణంగా రిజిస్ట్రేషన్ నాడు వస్తారు. అప్పటికే బయానా చేతులు మారి, సగం సొమ్ము ముట్టి, మంచి ముహూర్తం కూడా పెట్టుకుని ఉంటారు. ఆ పూట పాత దస్తావేజులో లోపం కనిపించిందని చెబితే మేము అపశకునం పలికినట్టు చూస్తారు. దీనికి మూలం ఒక అపోహ. రిజిస్టరు అయితే చాలు, ఆ ఆస్తి మనదేనని ప్రభుత్వం పూచీ ఇచ్చినట్టేనని చాలామంది నమ్ముతారు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదయ్యేది దస్తావేజు మాత్రమే. అమ్మిన మనిషికి అమ్మే హక్కు ఉన్నదో లేదో తేల్చుకోవలసిన భారం కొనేవారిదే. హక్కుకు ప్రభుత్వమే పూచీ ఉండాలన్న ఉద్దేశంతో తెచ్చిన 2022 నాటి ల్యాండ్ టైటిలింగ్ చట్టం తీవ్ర అభ్యంతరాల మధ్య 2024లో రద్దయింది. ఆ రద్దు మంచి చెడ్డల చర్చ వేరు గాని, నేటికీ నడుస్తున్నది పాత పద్ధతేనని కొనేవారు గుర్తించాలి.

ఇక ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక) ఒక్కటి తీసి ‘క్లియర్‌గా ఉంది’ అని తృప్తి పడేవారు ఎందరో. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ 1983 నుంచి మాత్రమే ఉంటుంది. అంతకు ముందు లావాదేవీల కోసం కార్యాలయంలో విడిగా దరఖాస్తు చేసుకోవాలి. పైగా అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు చేయించని వీలునామా, కాగితం మీదకు ఎక్కని అన్నదమ్ముల తగాదా అందులో కనిపించవు. అసైన్డు భూములు (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి), దేవాదాయ భూముల వంటివి రిజిస్టరు చేయకూడని నిషేధిత జాబితాలో ఉన్నాయేమో సర్వే నంబరుతో వేరుగా చూసుకోవలసిందే.

అసలు కథ అంతా లింకు దస్తావేజుల (ఆ ఆస్తి ఇదివరకు చేతులు మారిన పాత పత్రాల) హద్దుల్లో ఉంటుంది. ఈమధ్య ఇద్దరూ ఉద్యోగులైన ఒక జంట, బయానా ఇవ్వకముందే, ఒక ప్లాటు తాలూకు జిరాక్సు కాగితాలు పట్టుకుని మా దగ్గరకు వచ్చారు. అన్నిటికంటే పాత దస్తావేజులో తూర్పు హద్దు ‘డొంక’ (ఊరందరి బండ్ల బాట) అని చేతిరాతతో స్పష్టంగా ఉంది. తరువాతి దస్తావేజులో ఆ డొంక ‘దారి’ అయింది. చివరిదానిలో దారి కూడా పోయి, తూర్పున ఎవరిదో భూమి నేరుగా వచ్చి చేరింది. విస్తీర్ణం మాత్రం కొన్ని గజాలు పెరిగింది. బ్రోచరులో ఆ పక్కనే రంగురంగుల పార్కు బొమ్మ కూడా వేశారు. ఊరి ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటాల పుస్తకం) తీయించి, సర్వేయరుతో కొలిపించి చూపమని అడిగితే అమ్మేవారు ఒప్పుకోలేదు. బయానా ఇంకా ఇవ్వలేదు గనుక ఆ దంపతులు ఒక నమస్కారం పెట్టి లేచి రాగలిగారు.

హద్దుల తరువాత వారసుల సంగతి. తాతల నాటి పొలాన్ని ముగ్గురు కొడుకులు కలిసి అమ్ముతున్నప్పుడు, ఆడపిల్లల సంతకాలు ఏవని అడిగితే ‘వాళ్లకు పెళ్లినాడే ఇచ్చేశాం’ అన్న జవాబు మాకు నిత్యం వినిపిస్తుంది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కు వచ్చింది; 2005లో కేంద్ర చట్టం పెళ్లయినవారికీ ఆ హక్కు కల్పించింది. రిజిస్టరైన పాత పంపకం ఉంటే చూపించమనాలి. లేకుంటే ఆడపడుచులు వచ్చి సంతకాలు పెట్టాలి. ఫ్యామిలీ మెంబరు సర్టిఫికెట్ తెప్పించి పేర్లు సరిచూసుకోవడం ఒక పూట పని. ఇదంతా మా వృత్తికి గిరాకీ పెంచుకునే మాట అనుకోవద్దు. సివిల్ కేసులు చూసే న్యాయవాది చేత లీగల్ ఒపీనియన్ రాయించుకుంటే మరీ మంచిది.

ధర గురించి రెండు మాటలు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, 40 లక్షల ఆస్తికి 3 లక్షలు కొన్ననాడే పోతాయి. 60 లక్షల ఫ్లాటుకు నెలకు 15 వేల అద్దె వచ్చినా ఏడాదికి 3 శాతమే, అందులోంచి ఆస్తి పన్ను, మరమ్మతులు తీసేయాలి. రెండేళ్లు నిండకుండా అమ్మితే లాభం మీద మామూలు ఆదాయపు పన్ను శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. అన్నిటికీ మించి, అవసరానికి అమ్ముడుపోతుందన్న నమ్మకం లేదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చిన తరువాత తుళ్లూరు చుట్టుపక్కల అప్పు చేసి కొన్నవారు బేరం రాక ఎన్ని అవస్థలు పడ్డారో ఈ ప్రాంతంలో ఒకరు చెప్పనక్కరలేదు. విజయవాడ వైపు చూసేవారు 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు సింగ్ నగర్ వీధుల్లో ఎంత ఎత్తున నిలిచిందో అక్కడివారిని అడిగిన తరువాతే నేల ధర అడగడం మేలు.

నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది ‘ప్రీ లాంచ్’ బేరం. ముందుగా సొమ్ము కడితే గజానికి ఇంత తగ్గిస్తామంటారు. రసీదు తెల్ల కాగితం మీద ఉంటుంది. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గాని, ఎనిమిది దాటిన ఫ్లాట్లతో గాని వేసే వెంచరును నమోదు చేయకుండా ప్రకటించకూడదు, బుకింగు తీసుకోకూడదు. నమోదైన వాటిలోనూ అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకోకూడదు. అనుమతి పొందిన లేఅవుట్లలో సైతం, రోడ్లు, కాలువలు పూర్తి చేస్తామన్న హామీకి కొన్ని ప్లాట్లు తనఖాలో ఉంటాయి. మనకు చూపించిన ప్లాటు నంబరు వాటిలో ఉన్నదేమో మంజూరైన ప్లానులోనే చూసుకోవాలి.

ఈ విషయంలో మీ పత్రికకు ఒక విన్నపం. అదే చట్టంలోని 11వ సెక్షను ప్రకారం ప్రమోటరు, అంటే వెంచరు వేసేవారు, ఇచ్చే ప్రతి ప్రకటనలోనూ రెరా వెబ్‌సైటు చిరునామా ప్రముఖంగా కనిపించాలి, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. జిల్లా ఎడిషన్లలో వచ్చే కొన్ని ప్రకటనల్లో ఆ నంబరు భూతద్దానికి కూడా అందడం లేదు. కొన్నిటిలో అసలే లేదు. నంబరు లేని వెంచరు ప్రకటనలను తీసుకోబోమని మీరు నిర్ణయించాలనీ, ఉన్నవాటిలో ఆ నంబరును కనీసం ఫోన్ నంబరంత అక్షరాల్లో వేయించాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక దస్తావేజు లేఖరి,
గుంటూరు.