పాఠం చెప్పమన్నారు సరే, చెప్పడం మాకు నేర్పేదెవరు మంత్రి గారూ?

వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. ఇది నా అయిదో అర్జీ. మొదటిది మా విభాగాధిపతికి ఇచ్చాను, రెండోది ప్రిన్సిపాల్ గారికి, మూడోది వైద్య విద్య డైరెక్టరేట్‌కు పంపాను. నాలుగోది మీరు మా జిల్లాకు వచ్చినప్పుడు స్వయంగా మీ చేతికే ఇచ్చాను. మీరు నవ్వుతూ తీసుకుని పక్కనున్న అధికారికి అందించారు. ఏడు వారాల తర్వాత ఆ కాగితం ‘తగు చర్య నిమిత్తం’ అన్న ముద్ర వేయించుకుని మళ్లీ మా విభాగాధిపతి బల్ల మీదకే చేరింది. ఆయన నన్ను పిలిచి, “ఇది నీదేనా?” అన్నారు. నాదేనన్నాను. “అయితే జవాబు నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను” అన్నారు. నా అర్జీకి నేనే జవాబు రాసుకున్నానయ్యా. ‘విషయం పరిశీలనలో ఉన్నది’ అని రాశాను. అంతకన్నా ఏం రాయాలో తోచలేదు.

నేను జీతం పెంచమనలేదు, బదిలీ అడగలేదు. పీజీ చదువుతున్న డాక్టర్లకూ, పీజీ ముగించి బోధనాసుపత్రిలో పనిచేసే మావంటి సీనియర్ రెసిడెంట్లకూ పాఠం ఎలా చెప్పాలో నేర్పించమన్నాను. అంతే.

ఎందుకు అడిగానో ఒక్క ఉదయం సంగతి చెబుతాను. ప్లీహం (స్ప్లీన్) బాగా పెరిగిన ఒక పెద్దాయన మా వార్డులో ఉన్నారు. పొట్ట ఎడమ సగమంతా గట్టిగా దిమ్మకట్టినట్టు ఉంటుంది. నా చుట్టూ పాతికమంది ఎంబీబీఎస్ విద్యార్థులు. ఒక అబ్బాయిని పిలిచి చూడమన్నాను. ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టి అటూ ఇటూ నొక్కి, “ఏమీ తగలడం లేదు సార్” అన్నాడు. “సరిగ్గా చూడు” అన్నాను. మళ్లీ నొక్కాడు. “సరిగ్గా చూడవయ్యా” అన్నాను, ఈసారి కాస్త గట్టిగా. ఆ ‘సరిగ్గా’ అంటే ఏమిటో చెప్పే మాట నా దగ్గర లేదు. నా చేతికి తెలుసు, నోటికి తెలియదు. అప్పుడు మంచం మీది పెద్దాయనే అందుకున్నారు: “పొత్తికడుపు కాడి నుంచి పైకి రావాలి నాయనా. నిన్న పెద్ద డాక్టరు గారు అలాగే చూశారు.” అబ్బాయి కుడివైపు పొత్తికడుపు దగ్గర మొదలుపెట్టి, ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా చెయ్యి కొంచెం కొంచెం పైకి జరుపుతూ వచ్చాడు. బొడ్డు దాటకముందే అంచు తగిలింది. వాడి ముఖం వెలిగిపోయింది. అంతకుముందు వాడి చెయ్యి ప్లీహం మీదే ఉంది, అందుకే అంచు దొరకలేదు. ఆ ఒక్క ముక్క నేను చెప్పలేకపోయాను. రోగి చెప్పారు. ఆ రోజు జీతం ఆయనకు ఇవ్వాల్సింది.

చేతిపని నేర్పడానికి ఒక వరస ఉంటుందట. ముందు మనం మాట్లాడకుండా చేసి చూపాలి. తర్వాత ప్రతి కదలికా చెబుతూ చేయాలి. మూడోసారి విద్యార్థి చెబుతుంటే మనం చేయాలి. నాలుగోసారి వాడే చెబుతూ చేయాలి. పేటన్ పద్ధతి అంటారు. ఇది నాకు ఏ తరగతి గదిలోనూ చెప్పలేదు, ఒక రాత్రి డ్యూటీలో ఫోను చూస్తుంటే కనబడింది. మా ఊళ్లో గీత కార్మికుడు కూడా కొత్తవాడికి మోకు కట్టుకోవడం నేర్పకుండా తాటిచెట్టు ఎక్కించడు. మమ్మల్ని మాత్రం పరీక్ష పాసైన మర్నాడే ఎక్కించేశారు.

నిబంధనలు మీకు నేను చెప్పాలా? పీజీ విద్యార్థి ఎంబీబీఎస్ పిల్లలకు, ఇంటర్న్‌లకు బోధించడంలో పాల్గొనాలని రాసి ఉంది. పాల్గొంటున్నాం. బోధనా నైపుణ్యం సంపాదించాలని కూడా పాఠ్యప్రణాళికలో ఉంది. ఎక్కడ సంపాదించాలో మాత్రం లేదు. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో రీసెర్చ్ మెథడాలజీకి ఒక కోర్సు పెట్టారు, ఎథిక్స్‌కు ఒకటి పెట్టారు, గుండె ఆగితే ప్రాణం నిలబెట్టే శిక్షణ పెట్టారు. మూడూ అవసరమే, కాదనను. నాలుగోది ఎవరికీ గుర్తు రాలేదు. బోధన నేర్పే బేసిక్ కోర్సు ఉంది కదా అంటారు. ఉంది, అధ్యాపకులకు. పదోన్నతి ఫైలులో సర్టిఫికెట్ కావాలి గనుక దానికోసం క్యూ కడతారు. రోజూ వార్డులో మంచం పక్కన నిలబడి నేర్పే పీజీకి ఆ క్యూలో చోటు లేదు. ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పాలంటే బీఈడీ చదవాలి, టెట్ రాయాలి, డీఎస్సీలో గెలవాలి. రేపటి డాక్టరుకు పొట్ట చూడడం నేర్పడానికి ఏ అర్హతా అక్కర్లేదు, వార్డులో ఖాళీగా కనబడితే చాలు.

ఇక మీరు ఇచ్చిన మాట సంగతి. మా జిల్లాకు వచ్చిన ఆ రోజు సభలో ‘వచ్చే బ్యాచ్ నుంచి ప్రతి పీజీకి మూడు రోజుల బోధనా శిక్షణ’ అన్నారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. బ్యాచ్ వచ్చింది. ఇంకో బ్యాచ్ కూడా వచ్చింది. మూడో ఏడాది, ఎవరో తనిఖీకి వస్తున్నారన్న వారంలో, శిక్షణ జరిగింది. జరిగిన తీరు చెప్పకుండా ఉండలేను. గేటు దగ్గర ఫ్లెక్సీలో మీ ఫోటో చాలా బాగా పడింది. పదింటికన్న కార్యక్రమంలో జ్యోతి ప్రజ్వలన పదకొండున్నరకు అయింది. శాలువాలు, జ్ఞాపికలు, ప్రసంగాలు. భోజనం అయ్యాక డెబ్భైమందిని ఒకే హాలులో కూర్చోబెట్టి, ‘చిన్న బృందాలుగా బోధించడం ఎలా’ అన్న విషయం మీద ఒకరు తొంభై నాలుగు స్లైడ్లు చదివి వినిపించారు. తొంభై నాలుగని ఎలా తెలుసంటే, లెక్కపెట్టడం తప్ప చేసేందుకు వేరే పని లేదు. నాలుగింటికి ఫోటో దిగాం. నా సర్టిఫికెట్ మీద ‘మూడు రోజులు’ అని ఉంది.

నేర్పడం రానివాడు ఏం చేస్తాడో దాచకుండా చెబుతాను. విద్యార్థుల వార్డు పోస్టింగ్ ఆఖరి రోజు, ఎవరు ఏం నేర్చుకున్నారో రాసే పాతిక లాగ్‌బుక్కులు నా బల్ల మీద పడతాయి. ప్రతి నైపుణ్యానికీ ఒక గడి, అందులో బి, ఎం, ఇ అన్న అక్షరాల్లో ఒకటి రాయాలి. నేను వరసగా ఎం, ఎం, ఎం అని పెన్సిల్‌తో రాసుకుంటూ పోతాను, పైవారు సంతకం చేస్తారు. ‘ఆశించిన స్థాయిలో ఉన్నాడు’ అని దాని అర్థం. వాడు చేస్తుంటే నేను చూసింది రెండుసార్లో మూడుసార్లో. ఇది తప్పే. మా హాజరు కోసం ముఖం గుర్తుపట్టే యాప్ పెట్టారు, ఆసుపత్రి ఆవరణలో ఉన్నామో లేదో ఉపగ్రహం చెబుతుంది. అక్కడుండి ఏం నేర్పామో ఏ యాప్ అడగదు.

2023 సెప్టెంబరు 15న ఒక్కరోజే తెలంగాణలో తొమ్మిది, ఆంధ్రప్రదేశ్‌లో అయిదు ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. సంతోషమే. ఆ పిల్లలంతా ఇప్పుడు వార్డుల్లోకి వచ్చేశారు. అధ్యాపకుల కొరత తీర్చడానికి కమిషన్ 2025 అధ్యాపక అర్హతల నిబంధనల్లో ఇంకో దారి తెరిచారు: 220కి పైగా పడకలున్న బోధనేతర ప్రభుత్వాసుపత్రిలో పదేళ్లు పనిచేసిన స్పెషలిస్టు అసోసియేట్ ప్రొఫెసర్ కావచ్చు. వారిలో నాకన్నా పదింతలు మంచి వైద్యులున్నారు. కానీ పదేళ్లు ఈత కొట్టినవాడు ఈత నేర్పగలడని హామీ ఏముంది? ప్లీహం దగ్గర నా చేతికున్న ఇబ్బందే వారికీ ఉండదా?

మాట వచ్చింది గనుక ఇంకొకటి. పాఠం ఇంగ్లీషులో, రోగి తెలుగులో. ‘ఆయాసమా, దగ్గా, పడుకుంటే ఎక్కువవుతుందా, ఎన్ని దిండ్లు పెట్టుకుంటావు’ అని అడగడం పిల్లలకు ఎవరు నేర్పుతారు? పుస్తకంలో ఉండదు. అది నేర్పడం మాకు నేర్పాలని కూడా ఎవరూ అనుకోరు.

అయ్యా, కొత్త భవనం వద్దు, ఫ్లెక్సీ వద్దు. పీజీ మొదటి ఏడాదిలోనే నిజంగా మూడు రోజులు, ఇరవైమందికి మించకుండా, వార్డులో, మంచం పక్కన. మేము నేర్పుతుంటే తెలిసినవారొకరు పక్కన నిలబడి చూసి, తప్పు చెప్పాలి. దయచేసి ఆ మూడు రోజులు ఇప్పించండి. సీనియర్ రెసిడెంట్లను కూడా కలపండి. కాదంటే ఎందుకు కాదో ఒక్క ముక్క రాయించండి, మీ దగ్గరి నుంచి, నా చేత కాదు.

ఈ లేఖ కూడా తిరిగి తిరిగి మా విభాగాధిపతి బల్ల మీదకే వస్తుందని తెలుసు. జవాబు ముందే రాసి సొరుగులో పెట్టుకున్నాను. తేదీ ఒక్కటే వేయాలి.

ఇట్లు,
జనరల్ మెడిసిన్ విభాగంలో ఒక సీనియర్ రెసిడెంట్