రెండు గంటల మెలకువ

తిరుపతి

ప్రియమైన సుభద్రకు,

నీ ఉత్తరం అందింది. రాత్రి రెండు గంటలకే మెలకువ వచ్చి తెల్లవారేదాకా పక్క మీద దొర్లుతున్నానని నీవు వ్రాసినది చదివి నవ్వుకున్నాను. ఆ వేళకు నేనూ చెమటకు తడిసిన రవిక మార్చుకుని, మేడ మీద నిలబడి అలిపిరి మెట్లదారి దీపాలు చూస్తుంటాను. కొండ మీద సుప్రభాతంతో స్వామిని మేలుకొలిపేలోగానే నేను మేలుకుంటున్నానని మా ఆయన వేళాకోళం.

ముట్లుడిగే వయసులో ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గడం వల్ల, ఒంటి వేడిని అదుపుచేసే మెదడు భాగం కొద్దిపాటి మార్పుకే ఉలిక్కిపడి ఆవిర్లు పుట్టిస్తుందట. ఇంట్లో మాత్రం దీనికి ‘దిగులు’ అని పేరు పెట్టారు. మనకు ఏ వయసులో నిద్ర పట్టకపోయినా ఇటువంటి పేరొకటి సిద్ధంగా ఉంటుంది. బహిష్టుకు ముందు రాత్రుళ్ళు నిద్ర చెడితే బద్ధకమన్నారు. పెద్దవాడు కడుపులో ఉండగా ఎనిమిదో నెలలో, పడుకోగానే పిక్కల్లో చీమలు పాకినట్లై, లేచి నడిస్తే తప్ప నెమ్మదించేది కాదు; దానిని వాతమన్నారు. ఒంట్లో ఇనుము తక్కువైనప్పుడు అలా అవుతుందనీ, అన్నం తినగానే కాఫీ త్రాగితే తిన్న ఇనుము కూడా సరిగా ఒంటపట్టదనీ నాకు ఇరవై ఏళ్ళ తరువాత తెలిసింది.

అమ్మ సంగతి మరీ అన్యాయం. పగలంతా నీరసం, పొద్దున్నే తలనొప్పి. ఒక వైద్యుడు వయసు మీద పడిందంటూ నిద్రమాత్రలు వ్రాసి పంపించాడు. ముట్లు ఆగిన తరువాత ఆడవారిలో నిద్రలో ఊపిరి ఆగే జబ్బు పెరుగుతుందనీ, వారిలో చాలామంది గురకను గాక అలసటనే చెప్పుకుంటారనీ ఆయనకు తోచలేదు కాబోలు. మరొకచోట రాత్రంతా పరీక్షించగా, పది సెకన్లకు మించి ఊపిరి ఆగిన సందర్భాలు ఎన్నో బయటపడ్డాయి. ముక్కుకు తొడిగే గాలి యంత్రాన్ని మొదట రాక్షసి అని తిట్టిన అమ్మ, ఇప్పుడు అది లేనిదే ఊరికి కదలదు.

నీవు మాత్రలు మొదలుపెట్టకముందే ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించుకో. దీర్ఘకాలపు నిద్రలేమికి మొదటి వైద్యం అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దడమేనని నాకు చెప్పారు: నిద్ర పట్టకపోతే పక్క విడిచి లేవడం, ఎంత ఆలస్యంగా పడుకున్నా రోజూ ఒకే వేళకు మేలుకోవడం. మొదటి వారం నరకంగా ఉన్నా, నాకు మూడో వారానికి గుణం కనిపించింది. ఆవిర్లకు వేరే మందులున్నాయి, వాటిని గురించి డాక్టరమ్మను సిగ్గుపడకుండా అడుగు.

వచ్చే నెల ఇక్కడికి వచ్చినప్పుడు సాయంత్రం కాఫీ అడగవద్దు, మజ్జిగే ఇస్తాను.

నీ
వసంత